పాస్‌కోడ్ తప్పులు కొట్టి ఐప్యాడ్ లాక్ అయితే డేటా వస్తుందా? ఎరేజ్ నొక్కే ముందు చూసుకోవాల్సినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: తొమ్మిదో తరం ఐప్యాడ్, 64 జీబీ. ఆరేళ్ల బాబు మధ్యాహ్నం ఆడుకుంటూ పాస్‌కోడ్ వరసపెట్టి తప్పు కొట్టాడు. ఇప్పుడు స్క్రీన్ మీద 'ఐప్యాడ్ అన్‌అవైలబుల్' అని ఉంది, కింద ఎరేజ్ బటన్ కనిపిస్తోంది. పాస్‌కోడ్ మీకు తెలుసు కానీ కొట్టడానికి చోటే రావట్లేదు. లోపల బాబు ఫొటోలు, మీ బీఎడ్ నోట్సు ఉన్నాయి. దగ్గర్లో ఒక షాపువాళ్లు డబ్బులిస్తే డేటా పోకుండా లాక్ తీస్తామన్నారు. నమ్మొచ్చా?

ముందు సూటిగా జవాబు. ఆ మోడల్‌లో డేటా ఉంచి లాక్ తీయడం ఏ షాపువల్లా కాదు. కానీ మీకు షాపు అవసరమే రాకపోవచ్చు. స్క్రీన్ మీద 'ట్రై అగైన్ ఇన్' అని నిమిషాలో గంటలో కనిపిస్తుంటే మీ డేటా భద్రంగానే ఉంది. ఆ టైము అయ్యేదాకా ఆగి సరైన పాస్‌కోడ్ కొడితే చాలు, ఏమీ పోదు. టైము ఏదీ లేకుండా ఉత్త 'అన్‌అవైలబుల్' అని మాత్రమే ఉంటే, ఆ ట్యాబ్‌లో ఉన్న కాపీ మీకూ షాపుకూ యాపిల్‌కూ ఎవరికీ తిరిగి రాదు. అప్పుడిక చూడాల్సింది ఒకటే: ఇంకో కాపీ ఎక్కడైనా ఉందా అని. అది తేలేదాకా ఎరేజ్ జోలికి వెళ్లొద్దు.

మీ కేసులో మొదటిదే అయ్యుంటుందని నా అంచనా. ఎందుకో లెక్క చూడండి.

ఐప్యాడ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ (ఐప్యాడ్ ఓఎస్) ఈమధ్య వెర్షన్లలో మొదటి మూడు తప్పులకూ ఆగడం ఉండదు. నాలుగో తప్పుకు 1 నిమిషం, ఐదుకు 5 నిమిషాలు, ఆరుకు 15 నిమిషాలు, ఏడుకు 1 గంట, ఎనిమిదికి 3 గంటలు, తొమ్మిదికి 8 గంటలు ఆపుతుంది. పదో తప్పుతో పూర్తిగా మూసేస్తుంది. ఈ ఆగడాలన్నీ కలిపితే 12 గంటల పైమాటే. అంటే ఒక్క మధ్యాహ్నంలో పది తప్పులు పూర్తి చేయడం పిల్లవాడివల్ల కాదు, ఎవరివల్లా కాదు. పాత వెర్షన్లలో లెక్క వేరు: ఐదో తప్పుకు 1 నిమిషం, ఆరుకు 5, ఏడు, ఎనిమిదికి చెరి 15, తొమ్మిదికి 1 గంట. మొత్తం 96 నిమిషాలు. ఐప్యాడ్‌ని చాలాకాలంగా అప్‌డేట్ చేయకుండా ఉంటే పూటలో మూసుకుపోయే అవకాశం ఉంది. కొత్తదైతే దాదాపు లేదు.

ఇక్కడే చాలామంది డేటా పోగొట్టుకునేది. ఎరేజ్ బటన్, లేదా ఐప్యాడ్ ఓఎస్ 17 నుంచి కనిపించే 'ఫర్‌గాట్ పాస్‌కోడ్' బటన్, పది తప్పులూ అయ్యాకే వస్తుందనుకుంటారు. కాదు. ఇంకా అవకాశాలు మిగిలుండగానే, టైము నడుస్తుండగానే అది కింద మూలన కనిపిస్తుంది. కంటికి ఆనిన దారి అదొక్కటే కాబట్టి, వేరే గతి లేదేమోనని నొక్కేసి, అడిగిన పాస్‌వర్డ్ ఇచ్చేస్తారు. మూడు గంటలు ఆగితే తెరుచుకునే ఐప్యాడ్ ఖాళీ అయిపోతుంది.

టైము నడుస్తున్నప్పుడు పాటించాల్సినవి:

స్విచ్చాఫ్ చేయొద్దు, రీస్టార్ట్ చేయొద్దు. రీస్టార్ట్ చేస్తే లాక్ పోతుందని ఎవరైనా చెబితే వినకండి. ఆ దశకు ఉన్న టైము మళ్లీ మొదటినుంచీ లెక్కపెడుతుంది. ఎనిమిది గంటల దశలో ఏడో గంటకు ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఇంకో ఎనిమిది గంటలు కూర్చోవాలి.

ఛార్జింగ్ అయిపోనివ్వొద్దు. కారణం అదే. పైగా బ్యాటరీ పూర్తిగా అడుగంటితే కొన్నిసార్లు గడియారం 1970 జనవరికి వెళ్లిపోతుంది. అప్పుడు ట్రై అగైన్ పక్కన కోట్ల నిమిషాలు చూపిస్తుంది. 2019 ఏప్రిల్‌లో అమెరికన్ జర్నలిస్టు ఇవాన్ ఆస్నోస్ పెట్టిన ఫొటో అప్పట్లో బాగా తిరిగింది. మూడేళ్ల కొడుకు తప్పులు కొడితే ఐప్యాడ్ 2,55,36,442 నిమిషాలు ఆగమంది, అంటే 48 ఏళ్ల పైచిలుకు. ఇలాంటి అంకె కనిపిస్తే కంగారు పడకుండా, ముందు ఛార్జింగ్ పెట్టి, ఇంతకుముందు ఐప్యాడ్ కలిసిన వైఫై పరిధిలో కొంతసేపు వదిలేయండి. టైము సరిదిద్దుకుంటే అంకె మామూలు స్థాయికి దిగొచ్చు. దిగకపోతే రీస్టోరే, అంటే అంతా చెరిపి సాఫ్ట్‌వేర్ మళ్లీ వేయడమే.

పిల్లల చేతికి, మంచం మీదకి వెళ్లనివ్వొద్దు. బీరువాలో పెట్టేయండి. కొన్నిసార్లు తప్పులు కొట్టేది మనుషులే కానక్కర్లేదు. స్క్రీన్ మార్పించాక పడిన నాసిరకం డిస్‌ప్లే, పగిలిన గాజు, చౌక ఛార్జర్ నుంచి వచ్చే కరెంటు అలజడి, ఇవన్నీ ముట్టుకోకుండానే అంకెలు పడేలా చేస్తాయి. ఛార్జర్ తీయగానే అంకెలు వాటంతటవే పడడం ఆగిపోతే తప్పు ఛార్జర్‌దే. మీరు పాస్‌కోడ్ కొట్టబోయే సమయానికి ఛార్జర్ తీసేసి, పొడిగుడ్డతో స్క్రీన్ తుడిచి, ఒక్కో అంకెకూ పైన చుక్క నిండుతోందో లేదో చూస్తూ మెల్లగా కొట్టండి. ఒకసారి నొక్కితే రెండు చుక్కలు నిండుతుంటే ఆగిపోయి, వెనక్కి చెరిపి, స్క్రీన్ గార్డు తీసి చూడండి. ముందే జతచేసిన కీబోర్డు ఉంటే దాంతో కొట్టడం ఇంకా మంచిది.

పాస్‌కోడ్ మీద మీకే అనుమానం ఉంటే, మిగిలిన అవకాశాలు వాడేముందు కాగితం మీద రాసుకోండి: ఫోన్ పాస్‌కోడ్, పాత ఫోన్‌ది, ఏటీఎం పిన్, పుట్టినరోజు, బండి నంబరు. ఒకే తప్పును వెంటవెంటనే మళ్లీ కొడితే అది రెండో తప్పుగా లెక్కకు రాదు, కాబట్టి 'ఇందాక సరిగానే కొట్టానేమో, వేలు జారిందేమో' అనిపిస్తే అదే మళ్లీ ఒకసారి కొట్టి చూడొచ్చు, నష్టం లేదు. వేరే అంకెలు కొడితేనే మెట్టు పైకి వెళ్తుంది.

పాస్‌కోడ్ ఈమధ్యే మార్చి మరిచిపోయినవాళ్లకు ఐప్యాడ్ ఓఎస్ 17 నుంచి ఒక మంచి దారి ఉంది. మార్చిన 72 గంటల లోపైతే, ఫర్‌గాట్ పాస్‌కోడ్ నొక్కాక 'ఎంటర్ ప్రీవియస్ పాస్‌కోడ్' అని వస్తుంది. పాతది కొట్టి కొత్తది పెట్టుకోవచ్చు, డేటా చెక్కుచెదరదు. అదే తెరమీద ఎరేజ్ కూడా ఉంటుంది, చూసుకుని నొక్కండి. మీ ప్రశ్నకు ఇది వర్తించదు గానీ ఇదే వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఉంటారని రాస్తున్నాను.

ఇప్పుడు షాపు సంగతి. వాళ్లు ఎందుకు తీయలేరో తెలిస్తే మీ డబ్బు మిగులుతుంది.

ఐప్యాడ్‌లో ఫైళ్లన్నీ సంకేతీకరించి (ఎన్‌క్రిప్ట్ చేసి) ఉంటాయి. ఆ తాళాన్ని తీసే కీ ఎక్కడా రాసి ఉండదు. మీరు కొట్టే పాస్‌కోడ్, ప్రాసెసర్ తయారీలోనే అందులో పొదిగేసిన ఒక రహస్య సంఖ్య, ఈ రెండూ కలిస్తేనే కీ పుడుతుంది. ఆ పని చేసేది ప్రాసెసర్ లోపలే విడిగా ఉండే సెక్యూర్ ఎన్‌క్లేవ్ అనే భాగం. రహస్య సంఖ్య దాన్ని దాటి బయటికి రాదు, యాపిల్ దగ్గర కూడా దాని నకలు లేదు. అందుకే మెమరీ చిప్ ఊడదీసి వేరే బోర్డు మీద పెట్టినా చెత్తే కనిపిస్తుంది.

ఒక్కో పాస్‌కోడ్‌ని సరిచూడడానికి సుమారు 80 మిల్లీసెకన్లు పట్టేలా కావాలనే కట్టారు. నాలుగంకెల పాస్‌కోడ్‌కి పదివేల అవకాశాలు, అంటే 13 నిమిషాల పని. ఆరంకెలైతే పది లక్షలు, 22 గంటలు. అంటే లెక్క ప్రకారం యంత్రం పెట్టి అన్నీ కొట్టిస్తే ఒక్కరోజులో తెరుచుకోవాలి. దాన్ని ఆపేది ఆ ఆగడాలు, పదో తప్పుతో వచ్చే మూసివేతే. 2016 ఫిబ్రవరిలో అమెరికాలోని శాన్ బెర్నార్డినోలో కాల్పులు జరిపినవాడి ఫోన్ తెరవడానికి ఎఫ్‌బీఐ కోర్టుకెళ్లి యాపిల్‌ని అడిగిందీ అచ్చంగా ఇదే: తప్పులు కొడితే చెరిపేయడం, మధ్యలో ఆపడం, ఈ రెండూ లేని సాఫ్ట్‌వేర్ చేసి ఇవ్వమని. యాపిల్ ఒప్పుకోలేదు. మార్చిలో వేరేవాళ్ల సాయంతో తెరిచామని చెప్పి ఎఫ్‌బీఐ కేసు వదులుకుంది. ఆ ఫోన్ ఐఫోన్ 5సీ, అందులో సెక్యూర్ ఎన్‌క్లేవ్ లేదు. మీ ఐప్యాడ్‌లో ఉన్నది ఏ13 ప్రాసెసర్, చాలా తరాల తర్వాతిది.

ఇక షాపువాళ్లు చేసేదేమిటంటే, కంప్యూటర్‌కి తగిలించి రికవరీ మోడ్‌లో రీస్టోర్ కొట్టడం. అది మీరు ఇంట్లో ఉచితంగా చేసుకోగలిగేదే. నెట్‌లో వందల్లో కనిపించే 'అన్‌లాకర్' సాఫ్ట్‌వేర్లు డబ్బు తీసుకుని చేసేదీ ఇదే పని, బొమ్మలు అందంగా ఉంటాయంతే. కొన్ని పాత ఐప్యాడ్ మోడళ్లలో, అంటే ఏ10 ప్రాసెసర్ వరకూ ఉన్నవాటిలో, 2019లో బయటపడిన చెక్‌ఎమ్8 అనే లోపం ఉంది. సాఫ్ట్‌వేర్‌తో సరిదిద్దలేనిది. దాన్ని పట్టుకుని లాక్ స్క్రీన్ దాటించేవాళ్లున్నారు, కానీ పాస్‌కోడ్ లేకుండా లోపలి ఫొటోలు అక్కడా తెరుచుకోవు. మీకు నమ్మకం కుదరకపోతే షాపులో ఒక్కటే అడగండి: 'రీస్టోర్ కొట్టకుండా తీస్తారా? ఫొటోలు కనిపించాకే డబ్బులు ఇస్తాను, బిల్లు మీద అలా రాసివ్వండి'. సంభాషణ అక్కడితో ముగుస్తుంది.

ఇంకో అపోహ: సెట్టింగ్స్‌లో 'ఎరేజ్ డేటా' ఆఫ్‌లో ఉంది కదా, కాబట్టి డేటా లోపల ఉండే ఉంటుంది, ఎవరో ఒకరు తీయగలరు అని. ఆన్‌లో ఉంటే పదో తప్పుకు కీలు నాశనమవుతాయి, క్షణాల్లో అయిపోతుంది, 64 జీబీ మీద ఏదో రాస్తూ కూర్చోదు. ఆఫ్‌లో ఉంటే అలా చెరిపేయడం జరగదు, కానీ పాస్‌కోడ్ కొట్టే తెర శాశ్వతంగా మూసుకుపోతుంది. బంగారం లోపలే ఉండి ఇనప్పెట్టె తాళంచెవి కరిగించేసినట్టు. మీవరకు రెంటికీ తేడా లేదు.

సరే, టైము లేదు, నిజంగానే మూసుకుపోయింది అనుకుందాం. ఇప్పుడు కాపీల వేట. దీనికి తొందర లేదు, ఐప్యాడ్‌ని పక్కన పెట్టేసి నింపాదిగా చేయండి.

మొదట ఫొటోలు. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఐక్లౌడ్ డాట్ కామ్ తెరిచి మీ యాపిల్ అకౌంట్‌తో లోపలికి వెళ్లండి. ఫొటోస్, నోట్స్, కాంటాక్ట్స్, ఐక్లౌడ్ డ్రైవ్ ఒక్కొక్కటీ చూడండి. ఐక్లౌడ్ ఫొటోస్ ఆన్‌లో ఉంటే ఫొటోలు అక్కడ కనిపిస్తాయి, బ్యాకప్ లేకున్నా పర్లేదు. మొత్తం ఉన్నాయో లేదో చివరి ఫొటో తేదీ చూసి తేల్చుకోండి. ఉచితంగా ఇచ్చే 5 జీబీ నిండిపోయిన రోజున అప్‌లోడ్ ఆగిపోయి ఉంటుంది, ఆ తర్వాతవి ఐప్యాడ్‌లోనే ఉండిపోతాయి. బాబు ఫొటోలు మీ ఫోన్‌తో తీసి ఐప్యాడ్‌కి పంపినవైతే అసలువి ఫోన్‌లో, గూగుల్ ఫొటోస్‌లో, వాట్సాప్ చాట్లలో ఉండొచ్చు. ఐప్యాడ్‌లో వాట్సాప్ ఫోన్‌కు జతపడి నడిచేదే కాబట్టి దాని చాట్ల గురించి దిగులు లేదు.

రెండోది బ్యాకప్. ఇది ఐక్లౌడ్ డాట్ కామ్‌లో కనిపించదు, చాలామంది అక్కడ వెతికి లేదనుకుంటారు. అదే అకౌంట్ ఉన్న ఐఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి, పైన మీ పేరు, ఐక్లౌడ్, స్టోరేజ్, బ్యాకప్స్ వరసలో వెళ్తే ఐప్యాడ్ పేరు, చివరి బ్యాకప్ తేదీ, సైజు కనిపిస్తాయి. మ్యాక్‌లోనూ ఐక్లౌడ్ సెట్టింగ్స్‌లో చూడొచ్చు. తేదీ చూడండి, సైజు చూడండి. తేదీ ఆరు నెలల కిందటిదైతే ఏం తిరిగొస్తుందో, ఏం రాదో ముందే తెలుస్తుంది. బ్యాకప్ ఆగిపోయిన 180 రోజుల తర్వాత యాపిల్ దాన్ని తీసేస్తుంది, అందుకని మరీ నెలల తరబడి వాయిదా వేయొద్దు.

మూడోది కంప్యూటర్. ఎప్పుడైనా ఐట్యూన్స్‌తోనో, మ్యాక్ ఫైండర్‌తోనో, విండోస్‌లో యాపిల్ డివైసెస్ యాప్‌తోనో బ్యాకప్ తీశారా? పాత ల్యాప్‌టాప్ అటక మీద ఉంటే దించండి. బ్యాకప్ మొబైల్‌సింక్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. ఎన్‌క్రిప్ట్ చేసిన బ్యాకప్‌కి విడిగా పాస్‌వర్డ్ అడుగుతుంది, అది ఐప్యాడ్ పాస్‌కోడ్ కాదు, యాపిల్ అకౌంట్‌దీ కాదు, బ్యాకప్ పెట్టిన రోజున మీరిచ్చినది. 'నేను ఏదీ పెట్టలేదే' అనేవాళ్లలో కొందరికి అప్పటి ల్యాప్‌టాప్ పాస్‌వర్డే పనిచేస్తుంది. లాకైన ఐప్యాడ్‌ని కంప్యూటర్‌కి తగిలించి ఇప్పుడు కొత్తగా బ్యాకప్ తీద్దామంటే కుదరదు, బ్యాకప్ మొదలుపెట్టడానికి పాస్‌కోడ్ అడుగుతుంది.

నాలుగోది మీ బీఎడ్ నోట్సు. ఏ యాప్‌లో రాశారన్నదే ముఖ్యం. వన్‌నోట్, గూగుల్ డాక్స్ అయితే అకౌంట్‌లో ఉంటాయి. గుడ్‌నోట్స్‌లో ఐక్లౌడ్ సింక్ ఆన్‌లో ఉంటే తిరిగొస్తాయి, గూగుల్ డ్రైవ్‌కి ఆటో బ్యాకప్ పెట్టుంటే అక్కడ ఫోల్డర్ కనిపిస్తుంది. ప్రోక్రియేట్ బొమ్మలకు సొంత క్లౌడ్ లేదు, ఐప్యాడ్ బ్యాకప్‌లో ఉంటేనే వస్తాయి. ఫైల్స్ యాప్‌లో 'ఆన్ మై ఐప్యాడ్' కింద దాచుకున్న పీడీఎఫ్‌లదీ అదే పరిస్థితి, అవి ఐక్లౌడ్ డ్రైవ్‌లో కనిపించవు.

ఇక ఎరేజ్‌కి ముందు ఆఖరి పరీక్ష, దీన్ని దాటేస్తే డేటాతోపాటు ఐప్యాడే చేతిలో ఇటుకై కూర్చుంటుంది: ఈ ఐప్యాడ్‌లో ఉన్న యాపిల్ అకౌంట్ ఏది, దాని పాస్‌వర్డ్ తెలుసా, ఓటీపీ వచ్చే నంబరు ఎవరి దగ్గరుంది? ఫైండ్ మై (పోయిన పరికరాన్ని వెతికే సదుపాయం) ఆన్‌లో ఉంటే చెరిపేశాక కూడా యాక్టివేషన్ లాక్ అదే అకౌంట్‌ని అడుగుతుంది.

మన ఇళ్లలో ఇది తరచుగా తడబడే చోటు. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న అబ్బాయి తన అకౌంట్ వేసి ఐప్యాడ్ పంపిస్తాడు, అమ్మానాన్నలు గుంటూర్లో వాడుకుంటుంటారు. ఆరంకెల కోడ్ అక్కడి ఫోన్‌కి వెళ్తుంది. వాళ్లు నిద్రలేచే వేళ చూసుకుని వీడియో కాల్‌లో ఉండగా చేయండి. అదే అకౌంట్‌లో అబ్బాయి ఫోన్ కూడా ఉంటుంది కాబట్టి బ్యాకప్ తేదీ చూడమని ముందుగా అతన్నే అడగొచ్చు. నంబరు పాత ఇండియా సిమ్‌ది అయి, రీఛార్జ్ లేక ఆగిపోయి ఉంటే మొదట ఆ పని చూడండి. పాస్‌వర్డ్ మరిచిపోతే ఐఫర్‌గాట్ డాట్ యాపిల్ డాట్ కామ్‌లో మార్చుకోవచ్చు. నమ్మకమైన నంబరూ పరికరమూ ఏదీ లేకపోతే అకౌంట్ రికవరీ అంటుంది, అది రోజులు పడుతుంది, తొందరపెట్టడానికి దారి లేదు.

సెకండ్ హ్యాండ్‌లో కొన్నదైతే, అమ్మినవాళ్లు తమ అకౌంట్ తీసేశారా లేదా అన్నది ఇప్పుడే తెలుసుకోండి. అకౌంట్ ఏదో తెలియకపోతే యాపిల్‌ని అడగొచ్చు, కానీ మొదటి కొనుగోలు బిల్లు కావాలి, తెల్లకాగితం మీద రాసిచ్చింది పనికిరాదు.

అన్నీ సరిచూసుకున్నాక చెరిపే పద్ధతులు రెండు.

స్క్రీన్ మీదినుంచే: ఐప్యాడ్ ఓఎస్ 15.2 నుంచి ఉంది. వైఫై గానీ సిమ్ నెట్ గానీ అందుతుండాలి. ఎరేజ్ నొక్కి, మళ్లీ ఖాయం చేసి, యాపిల్ అకౌంట్ పాస్‌వర్డ్ ఇస్తే చెరిపేసి, కొత్త ఐప్యాడ్‌లో మొదట కనిపించే హలో తెరకు వస్తుంది. రీస్టార్ట్ అయ్యాక వైఫై కలవకపోతే ఈ దారి మూసుకుపోతుంది, అందుకే ఇక్కడా అనవసరంగా ఆఫ్ చేయొద్దంటున్నాను.

కంప్యూటర్‌తో: మీ ఐప్యాడ్‌కి హోమ్ బటన్ ఉంది కాబట్టి, కేబుల్ తీసి ఉంచి, పై బటన్ పట్టుకుని స్లైడర్‌తో ఆఫ్ చేయండి. అర నిమిషం ఆగండి. హోమ్ బటన్ నొక్కిపట్టి ఉంచే కేబుల్ తగిలించండి. కేబుల్, కంప్యూటర్ బొమ్మ ఉన్న తెర వచ్చేదాకా వేలు తీయొద్దు. యాపిల్ గుర్తు దగ్గరే వదిలేస్తే మామూలుగా ఆన్ అయిపోతుంది. హోమ్ బటన్ లేని మోడళ్లలో పై బటన్ పట్టుకుని తగిలించాలి. కంప్యూటర్‌లో అప్‌డేట్, రీస్టోర్ అని రెండు వస్తాయి. అప్‌డేట్ డేటాని ముట్టుకోదు, లాక్‌నీ ముట్టుకోదు, కాబట్టి ఇక్కడ దానివల్ల ఉపయోగం లేదు. రీస్టోర్ నొక్కాలి.

ఇందులో తప్పేది సాధారణంగా డౌన్‌లోడ్ దగ్గర. సాఫ్ట్‌వేర్ కొన్ని జీబీలు ఉంటుంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్ మీద మొబైల్ హాట్‌స్పాట్ పెట్టి మొదలుపెడితే మధ్యలో ఆగిపోతుంది. 15 నిమిషాలు దాటితే ఐప్యాడ్ రికవరీ మోడ్ నుంచి తనంతట తాను బయటకు వచ్చేస్తుంది. అలా వస్తే భయపడొద్దు, డౌన్‌లోడ్ పూర్తికానిచ్చి, మళ్లీ రికవరీ మోడ్‌లో పెట్టి రీస్టోర్ నొక్కండి. 4013, 4014, 9 లాంటి ఎర్రర్ అంకెలు వస్తే ముందు కేబుల్ మార్చండి, యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా కంప్యూటర్‌కే పెట్టండి, వేరే కంప్యూటర్‌లో చూడండి. ఇవేవీ కుదరకపోతేనే లోపల రిపేరు అనుకోవాలి.

హలో తెర తర్వాత వైఫై, అకౌంట్ ఇచ్చి, 'రీస్టోర్ ఫ్రమ్ ఐక్లౌడ్ బ్యాకప్' ఎంచుకోండి. ఇక్కడ కొత్త ఐప్యాడ్‌లా మొదలుపెట్టి తర్వాత బ్యాకప్ తెచ్చుకుందామంటే మళ్లీ చెరపాల్సిందే. బ్యాకప్ జాబితాలో తాజాదానికంటే వెనకటిదానిలో సైజు బాగా ఎక్కువుంటే ఆగి ఆలోచించండి. బ్యాకప్ మీ ఐప్యాడ్‌లో ఉన్నదానికంటే కొత్త వెర్షన్‌దైతే ముందు అప్‌డేట్ చేసుకోమంటుంది, చేసుకోండి. తెర తెరుచుకున్నాక కూడా ఫొటోలు, యాప్‌లు గంటల తరబడి దిగుతూనే ఉంటాయి. బూడిదరంగు బొమ్మలు చూసి పోయాయనుకోవద్దు, ఛార్జింగ్‌లో వైఫై మీద రాత్రంతా వదిలేయండి.

ఆండ్రాయిడ్ ట్యాబ్ ఉన్నవాళ్లకు రెండు ముక్కలు. మామూలు ఆండ్రాయిడ్‌లో ఐదు తప్పులకు 30 సెకన్లు ఆపుతుంది, తప్పులు పెరిగేకొద్దీ ఆగే టైము పెరిగి చివరకు ఒక్కో ప్రయత్నానికి ఒక రోజు దాకా వెళ్తుంది, కానీ తనంతట తాను చెరపదు. సామ్‌సంగ్‌లో 'ఆటో ఫ్యాక్టరీ రీసెట్' అని ఒక సెట్టింగ్ ఉంది, అది ఆన్‌లో ఉంటే మోడల్‌ని బట్టి 15 లేదా 20 తప్పులకు తుడిచేస్తుంది. రీసెట్ తర్వాత పాత గూగుల్ అకౌంట్ అడుగుతుంది. మెమరీ కార్డు ఉంటే, దాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి ఉండకపోతే, బయటికి తీసి కంప్యూటర్‌లో పెట్టి ఫొటోలు కాపీ చేసుకోవచ్చు. రీసెట్‌కి ముందే తీసేయండి.

స్కూలు, కాలేజీ, ఆఫీసు ఇచ్చిన ట్యాబ్ అయితే మీరేమీ చేయొద్దు. అలాంటివి సాధారణంగా వాళ్ల ఐటీ విభాగం దూరం నుంచే నడిపే ఏర్పాటుతో వస్తాయి. ఐప్యాడ్‌లలోనైతే ఆ ఏర్పాటు నుంచి పాస్‌కోడ్ ఒక్కటే తీసేసే ఆదేశం పంపొచ్చు, డేటా ఉంటుంది. ట్యాబ్ నెట్‌లో ఉండాలి, రీస్టార్ట్ కాకుండా ఉంటే ఆ అవకాశం ఎక్కువ. ముందు వాళ్లకి ఫోన్ చేయండి.

తెరుచుకున్నాక బాబు సంగతి: ఐప్యాడ్ ఇచ్చే ముందు గైడెడ్ యాక్సెస్ పెట్టండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద ఉంటుంది. కావాల్సిన యాప్ తెరిచి హోమ్ బటన్ మూడుసార్లు నొక్కితే ఆ ఒక్క యాప్‌లోనే ఉండిపోతుంది, బయటికి రావడానికి విడిగా కోడ్ ఉంటుంది. ఐప్యాడ్ మధ్యలో లాక్ స్క్రీన్‌కే రాదు కాబట్టి తప్పులు కొట్టే సందర్భమే రాదు. టచ్ ఐడీలో ఇంట్లో ఇంకొకరి వేలు కూడా చేర్చండి, ఐదు వేళ్ల వరకూ పడుతుంది. అయితే రీస్టార్ట్ అయ్యాక గానీ 48 గంటలు ఎవరూ తెరవకుండా ఉంటే గానీ వేలు పనిచేయదు, పాస్‌కోడే అడుగుతుంది.

ఇప్పటికి స్క్రీన్ మీద ఉన్న మాట అక్షరం పొల్లుపోకుండా రాయండి, అన్‌అవైలబుల్ కింద చిన్న అక్షరాల్లో టైము ఉందో లేదో ముఖ్యంగా. అలాగే ఈ అకౌంట్‌తో ఇంట్లో ఐఫోన్ ఉందో, చివరి బ్యాకప్ తేదీ ఏమిటో చెప్పండి. దాన్నిబట్టి ఏ దారిన వెళ్లాలో చెబుతాను.